ఒక్క నిమిషం, వచ్చేస్తున్నా

భోజనాలయ్యాక ఆఫీసులో ఆ వరుసలో ఇద్దరే మిగిలారు. కొత్తగా చేరిన అమ్మాయి తన కుర్చీని పక్క టేబుల్ దగ్గరికి లాక్కుంది.

“అక్కా, మన వెబ్‌సైట్లో పేజీ తెరుచుకునేలోపు ‘ఒక్క నిమిషం, వచ్చేస్తున్నా’ అని కనిపిస్తుంది చూడండి, అది తీసేయమంటున్నారు. ‘దయచేసి వేచి ఉండండి’ అని పెట్టాలట. ఎవరు రాశారది?”

“మీ బావగారు. అన్నం వడ్డించి పిలిస్తే, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా ఇదే మాట అనేవారు. ఆయన వచ్చేసరికి కూరంతా చల్లారిపోయేది.”

“అయ్యో, నాకు తెలీదక్కా. ఆయన పోయినప్పటి నుంచీ ఈ కాంపోనెంట్లన్నీ మీరే చూస్తున్నారని మాత్రం విన్నాను.”

“చూడ్డానికేముంది? ఒక్కచోట రాసి పెడితే అన్ని పేజీలూ దాన్నే వాడుకుంటాయి. అక్కడ మారిస్తే అంతటా మారిపోతుంది. ఆయన కట్టిందే అలా.”

“అయితే ఇది చిటికెలో పనే కదా?”

“అదే వచ్చిన చిక్కు. పేజీకొకటి విడివిడిగా రాసి ఉంటే, ఎవరూ చూడని ఏ మూలో ఒకటి అలాగే ఉంచేసుకునేదాన్ని.”

“పోనీ, ఒక షరతు పెట్టనా? అందరికీ కొత్త మాట కనిపిస్తుంది. మీరు లాగిన్ అయితే మాత్రం పాతదే వస్తుంది.”

“ఒక్క మనిషి కోసం కాంపోనెంట్లో షరతు పెడతారుటే ఎవరైనా? ఆయన చూస్తే ఇంతెత్తున లేచేవారు.”

“సరే అక్కా, మానేస్తాలెండి.”

“మానేయమన్నానా? పెట్టు. తిట్టడానికైనా వస్తారేమో.”