గడియ పడని గేటు

కాలేజీ సేవా కార్యక్రమానికి వచ్చిన అమ్మాయి, రంగు డబ్బాతో పెద్దాయన గేటు ముందు ఆగింది.

"తాతగారూ, నిరుడు మా సీనియర్లు దీనికి రంగు వేశారటగా?"

"వేశారమ్మా. ముందటేడు వాళ్ల సీనియర్లు వేశారు."

"అందుకే పొరలు పేరుకుపోయి గడియ పడట్లేదు! దొంగలొస్తే?"

"రానీ, కాసేపు కబుర్లాడుకుంటాం."

"రంగొద్దని చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు పక్కింటికి పోరూ?"

అమ్మాయి డబ్బా మూత బిగించేసింది.

"వెళ్లిపోతావా?"

"ఎక్కడికి? ముందిదంతా గీకాలి. ఒక్కరోజులో తెమిలేది కాదు, రోజూ సాయంత్రం వస్తా. మీరూ ఓ చెయ్యి వెయ్యాలి."

"నాకు నడుంనొప్పి."

"దొంగలతో కబుర్లకి లేని నొప్పి, దీనికొచ్చిందా?"

పెద్దాయన నవ్వుతూ ఆమె పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

"సరేగానీ, నెమ్మదిగా గీకు తల్లీ. గడియకేం తొందర లేదు."