పలక మీద ఇరాన్ దాకా

"సంతకం పెట్టేయండి రత్నాకర్ గారూ! నేనుండగా మీకెందుకండీ బెంగ?" అన్నాడు పెద్దిరాజు, కరక్ చాయ్ కప్పు బల్ల మీద పెడుతూ.

బుర్జ్ ఖలీఫా ఉన్న ఊళ్లోనే, కరామా పేటలో బస్టాపు వెనక కాకా కెఫెటీరియా. శుక్రవారం సాయంత్రం అయిదున్నర. బయట వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురు కూర్చున్నారు. రత్నాకర్‌ది కరీంనగర్, ఇక్కడ ఆఫీసు ఉద్యోగం. అతని చేతిలో కూతురు నిఖిత స్కూలు వాళ్లిచ్చిన కాగితం ఉంది. రేపు పొద్దున తొమ్మిదో తరగతి పిల్లల్ని బీచ్ క్లబ్బుకి తీసుకెళ్లి ప్యాడిల్ బోర్డు ఎక్కిస్తారట. కాగితంలో రెండు గళ్లున్నాయి. ఒకటి 'ఒడ్డు దగ్గర తాడు కట్టిన మేర లోపల', రెండోది 'బయటి సముద్రం'. ఏదో ఒకదానికి టిక్కు కొట్టి, సంతకం పెట్టి, ఆరింటిలోగా ఫొటో తీసి పంపాలి.

పెద్దిరాజు ఆ క్లబ్బులోనే బోర్డులు కడిగి సర్దుతాడు. అతని పక్కన కూర్చున్నది ఖాదర్ హుస్సేన్, కడప మనిషి. అదే క్లబ్బులో రెస్క్యూ బోటు నడుపుతాడు. ఇద్దరిదీ ఒకటే రూము. రూములో మాట్లాడేదంతా పెద్దిరాజే.

"చలికాలంల గాలి ఎప్పుడెట్ల తిరుగుతదో తెల్వదంటున్నరు అన్నా," అన్నాడు రత్నాకర్. "పిల్లకు ఈత అంతంత మాత్రమే. లోపల్నే అని టిక్కు పెడ్తనంటే, దోస్తులందరు బయటికి పోతున్నరు, నా ఇజ్జత్ పోతదని పొద్దుగాల నుంచి అన్నం తింటలేదు. నాకేమో గుండె దడదడ కొట్టుకుంటాంది."

"గాలా! గాలి సంగతి నన్నడగండి. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు, కావాలంటే ఖాదర్ని అడగండి. ఏం ఖాదరూ?"

ఖాదర్ హుస్సేన్ చాయ్ ఊదుకున్నాడు.

"చూశారా, కాదనలేదు. పోయిన జనవరిలో అండీ, పొద్దున్నే ఎనిమిదింటికి ఓ తెల్ల మేడం టోపీ గాలికెగిరి నీళ్లలో పడింది. ఎంతో దూరం లేదు, పట్టుమని ఇరవై గజాలు. అబద్ధమాడదలుచుకుంటే అర కిలోమీటరు అనేవాణ్ణి, నన్నడిగేదెవరు? ఇరవై గజాలే. ఆవిడేమో చంటిపిల్లలా ఏడుపు. చూస్తే కోచ్‌లు ఒక్కరూ లేరు, ముదీర్, అదే మా మేనేజరు, ఇంకా రాలేదు. సరే పెద్దిరాజూ, ఇది నీ నెత్తినే పడింది అనుకుని, కడుగుతున్న పలకల్లో పెద్దది చూసి నీళ్లలోకి తోశాను."

"పలకంటే బోర్డే గదా?"

"బోర్డేనండి. మనిషి నిలబడి ఒంటి తెడ్డుతో నడిపేది. మాది నర్సాపురం, మా తాత రేవులో పడవ నడిపాడు. రెండు కాళ్లూ పడవలో పడేదాకా తాడు గుంజకే ఉండాలి అనేవాడు, ఆ అలవాటు మన చేతుల్లోంచి పోదు. అందుకని బోర్డులు కట్టే ఆకుపచ్చ నైలాను తాడు తెచ్చి, ఒక కొస పలక వెనక రింగుకి, ఇంకో కొస 'ఇక్కడ ఈత కొట్టరాదు' అని రాసిన స్తంభానికి కట్టి, అప్పుడు ఎక్కాను. పద్ధతంటే పద్ధతే. ఎక్కి నిలబడి ఒక్క పోటు వేసేసరికి టోపీ చేతిలో ఉంది, తీసి నెత్తిన పెట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డవా?"

"ఎవరండీ పడేది! ఏం మాటలవి, శుభమా అని చెబుతుంటే!" పెద్దిరాజుకి నిజంగానే కోపమొచ్చింది. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చలికాలం పొద్దుటి పూట ఇక్కడ గాలి ఎడారి మీంచి సముద్రంలోకి తోస్తుంది. మొహాన కొట్టదు, వీపున తోస్తుంది, అదీ దాని మాయ. ఒక్క తోపు తోసింది చూడండీ, పలక ముక్కు పైకి లేచింది. ఇంకొకడైతే అమ్మా అని కూలబడిపోయేవాడు. నేనేం చేశానంటే, ఒంటి మీదున్న రెయిన్ జాకెట్టు జిప్పు లాగి, రెండు చేతులూ ఇలా చాపాను. అంతే, తెరచాప! విండ్‌సర్ఫింగ్ అని పలకకి తెరచాప బిగించి పిల్లలకి నెలల తరబడి నేర్పిస్తారే, నాకు జాకెట్టుతో ఒక్క నిమిషంలో వచ్చేసింది."

"స్పీడు ఎంతుండె అన్నా?"

"ఎవడు చూశాడండీ! ఓ కంటెయినర్ ఓడ వెనక్కి వెళుతోందేంటా అనుకున్నా. అది ముందుకే వస్తోంది, నేనే దాన్ని దాటేస్తున్నా. కెప్టెన్ పైనుంచి వంగి 'భయ్యా, జెబెల్ అలీ కిధర్ హై?' అన్నాడు. తెడ్డుతో ఆ రేవు వైపు చూపించా. పాపం సలాం కొట్టాడు. ఇందులో విచిత్రం ఏంటంటే, అంత దూరం పోయినా ఒడ్డున మా క్లబ్బు పసుపు గొడుగు ఎంతుందో అంతే కనబడుతోంది. గొడుగు కింద మేడం పళ్లు లెక్కపెట్టొచ్చు. మన కంటి చూపు అలాంటిది, చిన్నప్పుడు తిన్న చేపలు ఎక్కడికి పోతాయి? ఒడ్డున జనమంతా ఆ స్తంభం వైపు చేతులు చూపిస్తూ ఒకటే కేకలు. నా పేరు దాని మీద రాయించాలని కాబోలు. నేనూ చెయ్యి ఊపాను, బాగుండదు కదా."

కెఫెటీరియా నడిపే మలయాళీ కాకా లోపల్నుంచి తల బయట పెట్టి, "సాబ్, ఇంకో చాయ్?" అన్నాడు. పెద్దిరాజు అతని వైపు చూడకుండానే మూడు వేళ్లు చూపించాడు.

"గంటకి నూటపాతిక కిలోమీటర్ల మీద పోతున్నానా, వెనకనుంచి ఏదో ఠక్కున పట్టుకుంది! పలక కదలదు. తెడ్డు వేస్తే ఓ అడుగు ముందుకి, మళ్లీ ఓ అడుగు వెనక్కి. తిరిగి చూద్దును కదా, సొరచేప! పలక తోక నోట కరుచుకుంది. ఎంత పొడుగంటారు? మన మెట్రో బండికి అయిదు పెట్టెలుంటాయి కదా, దానికి ఓ పెట్టె తక్కువ. ఉన్నదున్నట్టు చెప్పాలి, ఒకటి తక్కువే."

"యా అల్లా," అన్నాడు ఖాదర్ హుస్సేన్ మెల్లగా.

"విన్నారా, ఖాదరే గుండె పట్టుకున్నాడు! మూగజీవి కదా అని దెబ్బ వెయ్యలేదు. 'ఒసేవ్, డ్యూటీలో ఉన్నాను, వదులు' అన్నా. వినదు. ఓ పది నిమిషాలు అదీ నేనూ ఒకటే పంతం. చివరికి సొరచేపతో సహా లాక్కుపోయా. ఎక్కడికి? ఇరాన్‌కి! ఒడ్డున ఓ ముసలాయన చాయ్ గ్లాసు పట్టుకుని దిగమన్నాడు. వీసా లేకుండా ఎలా దిగుతామండీ, రేపు మనకి వీసా ఇచ్చిన కఫీల్ ఒప్పుకుంటాడా? పలక మీద నిలబడే తాగి గ్లాసు తిరిగిచ్చేశా. అప్పుడు ఆయన గోడ గడియారం వంక చూశాను. ఎంతైందో తెలుసా? ఏడూ యాభై అయిదు!"

"ఎనిమిదింటికి బయలెల్లిన అన్నవు గదా?"

"అదేనండీ నేను చెప్పేది! పట్టింది ఇరవై అయిదు నిమిషాలు. వాళ్ల టైము మనకంటే అరగంట వెనక. అంటే బయల్దేరకముందే చేరిపోయానన్నమాట!"

రత్నాకర్ ఫోన్ తీసి ఏదో నొక్కాడు. చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"అరగంట వెనకనే ఉన్నదన్నా. కరెక్టే చెప్పినవ్!"

"నేను తప్పెందుకు చెబుతానండీ?" పెద్దిరాజు వెనక్కి వాలాడు. ఇక పట్టపగ్గాల్లేవు. "అప్పుడు గాలి తిరిగింది. షమాల్! వాయవ్యం నుంచి వచ్చిపడే చలికాలపు గాలి, ఒడ్డుకి ఈడ్చి కొడుతుంది. ఆ విసురుకి సొరచేప అటు, నేను ఇటు. పలక లేచిపోయింది. నీళ్ల మీద అనుకునేరు, గాల్లోనండీ బాబూ గాల్లో! కింద ఖర్జూర చెట్టు ఆకారంలో దీవి ఉందే, పామ్ జుమేరా, దాని ఆకులన్నీ ఒకటొకటి లెక్కపెట్టా. బుర్జ్ ఖలీఫా నూట పాతికో అంతస్తు దగ్గర అద్దాలు తుడిచే నేపాలీ ఆయన 'దాయీ, సంభాల్‌కే' అన్నాడు, అన్నా జాగ్రత్త అని. పోతూ పోతూ ఆయనకి అందని మరక ఒకటి తెడ్డుతో గీకి ఇచ్చా. అక్కడ ఒళ్లు ఓ పక్కకి వంచి మలుపు తిప్పి, ఎక్కిన చోటే, అదే స్తంభం పక్కనే దిగా. టోపీ తీసి మేడం చేతిలో పెట్టా. దాని మీద తడి చుక్క ఉంటే నా పేరు పెద్దిరాజు కాదు."

"మరి సొరచేప ఏమాయె?"

"ఇప్పటికీ నేను కనపడితే తలొంచుకుని పక్కకి తప్పుకుంటుంది. సరేనండీ, టైమవుతోంది. అలాంటి గాలిని జాకెట్టుతో మళ్లించినవాణ్ణి, రేపు మీ పాప పక్కనే ఉంటా. ఆ లైఫ్ జాకెట్టు కూడా దండగ. బయటి సముద్రానికే కొట్టండి టిక్కు. ఇంటికెళ్లేసరికి అమ్మాయి రెండు పళ్లేలు అన్నం తినకపోతే అడగండి నన్ను."

అన్నం మాట వినేసరికి రత్నాకర్ మొహం మెత్తబడింది. కాగితాన్ని బల్ల మీద పరిచి, జేబులోంచి పెన్ను తీశాడు. మూత విప్పి రెండో గడి మీద ఆనించాడు.

ఖాదర్ హుస్సేన్ కప్పు కింద పెట్టాడు. చెయ్యి చాపి, కాగితం మీద అరచెయ్యి ఉంచాడు.

"ఒక్క మాటప్పా రాజూ," అన్నాడు. "తాడు ఎప్పుడు విప్పినావు?"

"ఏ తాడు?"

"పచ్చ తాడు. ఒక కొస పలకకు కట్టినా అంటివి, ఒక కొస స్తంభానికి కట్టినా అంటివి. ఎక్కినా అంటివి. ఇరాన్ పోయినా అంటివి. నడమ విప్పింది చెప్పలేదే?"

పెద్దిరాజు ఖాళీ కప్పు ఎత్తి తాగబోయాడు.

"విప్పకుండా ఇరాన్ ఎలా వెళ్తానయ్యా?"

"నేనూ అదే అడుగుతాండా."

మూడు చాయ్‌లు తెచ్చిన కాకాకి తెలుగు ఎంత అర్థమైందో కానీ ట్రే ఊగిపోయేలా నవ్వాడు. రత్నాకర్ మాత్రం నవ్వలేదు. పెన్ను కాగితం మీంచి పైకి లేచింది.

"సార్, నీకు జెప్తా విను," అన్నాడు ఖాదర్. "యాడాది పొద్దు నోరు మూసుకోనుండా, ఎవురికీ జెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు. ఈయన ఎన్ని కోతలు కోసినా నాకేం నష్టం, రూములో పొద్దు పోతాది. పిల్ల సంగతి వచ్చినాక ఊరికే ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆ తాడు ముప్పై మీటర్లు. నేను బోటేసుకోని వచ్చేసరికి నలభై నిమిషాలైంది, ఈయన తాడు కొసన ఉన్న చోటనే తెడ్డేస్తా ఉండాడు. వెనకనుంచి లాగిన సొరచేప ఆ తాడే. ఒడ్డున జనమంతా తాడు చూపించి అరుస్తాంటే ఈయన చెయ్యి ఊపుతాడు. అంతలో షమాల్ వచ్చి బోల్తా కొట్టించింది. పలకను కరుచుకోని అమ్మా అమ్మా అని ఏడుస్తాంటే ఎత్తి బోటులో ఏసుకున్యా."

"నలభై నిమిషాలు నువ్వేడికి పోయినవ్ ఖాదర్ భాయ్?" అన్నాడు రత్నాకర్.

"అది జెప్పాలనే నోరు తెరిచినా. ఆ పొద్దు నేల మీంచి తోసే గాలికే పనొచ్చిన కోచ్‌లు ముగ్గురు రెండు కిలోమీటర్లు కొట్టుకోని పోయినారు సార్. ఎదురుగాలికి తిరిగి రాలేకపోయినారు. వాళ్లను ఏరుకోని తెచ్చేదానికి పోయింటి. ఏండ్ల తరబడి నేర్చినోళ్ల గతే అది. ఆ తాడు లేకుంటే ఈ మనిషి నిజంగానే ఇరాన్ దావ పట్టుండు. రేపు గూడా అంతే, ఫోన్లో చూడు. పొద్దున నేల గాలి, పది దాటితే షమాల్."

పెద్దిరాజు కొత్త చాయ్ మీద తేలుతున్న మీగడని వేలితో పక్కకి తోస్తున్నాడు.

"భయమేసిందండీ రత్నాకర్ గారూ," అన్నాడు చివరికి. ఆ గొంతులో ఊపు లేదు. "చచ్చిపోతాననుకున్నా. ఇంటి దగ్గరవాళ్లు ఒక్కొక్కరే కళ్ల ముందు కనబడ్డారు. పాప విషయంలో నేనలా అనకూడదు, తప్పయింది. టోపీ మాత్రం నిజమండీ."

"టోపీ గూడా నేనే తీసిచ్చినా," అన్నాడు ఖాదర్.

రత్నాకర్ మొదటి గడిలో టిక్కు కొట్టాడు. తాడు కట్టిన మేర లోపల. పక్కన సంతకం పెట్టి, ఫొటో తీసి స్కూలుకీ, నిఖితకీ పంపించాడు. ఆరు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. వెంటనే ఫోన్ మోగింది. అవతలి నుంచి నిఖిత గొంతు బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ వినపడింది. డాడీ ఇట్లెందుకు చేసినవ్, ఇంక నేను స్కూల్‌కే పోను అంటోంది. రత్నాకర్ అన్నీ విన్నాడు.

"నువ్వెంతన్నా తిట్టు బిడ్డా, నాకు నువ్వు కావాలె," అని ఫోన్ పెట్టేశాడు. చాయ్ సగం తాగి, పెద్దిరాజు వైపు తిరిగాడు.

"అన్నా, ఆ తాడుకు ముడి వేసింది నువ్వే గదా?"

పెద్దిరాజు తల దించుకునే ఊపాడు.

"ముడి గురించి మాత్రం నన్నడుగు సార్," అన్నాడు ఖాదర్. "నలభై నిమిషాలు ఆ గాలికి పట్టుకోనుండాది. నాకు విప్పేదానికి చేతగాక కత్తితో కోసినా. సగం ముక్క ఇప్పటికీ స్తంభానికే ఉంది, ఎవురూ విప్పలేకపోయినారు."

"అయితే మీ ముదీర్‌తోని నేను మాట్లాడ్త. తాడు మేర లోపలున్నా సరే, రేపు నిఖిత బోర్డుకు ఇంకో తాడు కట్టాలె," అన్నాడు రత్నాకర్. "ముడి నువ్వే వెయ్యాలె పెద్దిరాజన్నా. ఇంకెవ్వలు వేసినా నేను ఒప్పుకోను."

పెద్దిరాజు తలెత్తాడు. కుర్చీ ఓ జానెడు ముందుకి జరిగింది. మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"వేస్తానండీ. ప్రాణం పెట్టి వేస్తా. అసలు ముడంటే గుర్తొచ్చింది, ఓసారి తుపానులో మా తాత ఒంటి చేత్తో ఏకంగా ఓ ఓడని..."

"అన్నా, కథ వద్దు," అన్నాడు రత్నాకర్. "ముడి చాలు."