సోలో సారు

బలసముద్రం దాటాక, సోలార్ ప్లాంటు కంచె పక్కన మట్టిదారి. తంబిట్టు ఉండల గిన్నె చంకన పెట్టుకున్న ముసలమ్మ సుబ్బలక్ష్మమ్మ. సంచులు కట్టిన సైకిలుతో బెంగళూరు కుర్రవాడు ప్రతీక్.

"సోలార్ కాదవ్వా, సోలో. సోలో టూర్."

"అదే కదా నాయనా నేనూ అంటాండేది, సోలార్ అని. ఇంత ఎండలో సైకిలిచ్చి పంపించినారే, జీపు లేదా మీకు?"

"నన్నెవరూ పంపలేదు. నేనే వచ్చాను. సైకిలు మీద కొండలన్నీ తిరుగుతున్నా. నిన్న మధుగిరి, ఈరోజు నిడుగల్లు. ఫోన్లో మ్యాపు ఇటు తిప్పేసింది."

"పెండ్లాము తరిమేసిందా?"

"పెళ్ళే కాలేదు."

"మరి ఎవురు తరిమినారు?"

"ఎవరూ తరమలేదవ్వా. ఇష్టమై తిరుగుతున్నా."

"నిడుగల్లు కొండెక్కి ఏం చేస్తావు?"

"దిగుతాను."

"దిగి?"

"చిత్రదుర్గం వైపు పోతా. అక్కడింకో కొండ. ఆ తర్వాత మలెనాడు కొండలు."

"వాటి మీద దేవుడుండాడా?"

"కొన్నిటి మీద ఉన్నాడు."

"లేనివీ ఎక్కుతావా?"

"ఎక్కుతాను."

"అయితే నీది మొక్కు కంటే పెద్దదప్పా. మేము ఏదో ఒకటి అడుక్కోకుండా గుడి మెట్టు కూడా ఎక్కము. అది భక్తో, బేరమో, నాకిప్పటికీ తెలీదు."

"అవ్వా, నిడుగల్లుకు దారి..."

"చెప్తా, చెప్తా. ముందు కంచెలోపల చూడు. ఆ ప్లేట్ల వరసల నడుమ గుండురాయి కనపడతాందా?"

"సున్నం కొట్టిందేనా?"

"మా రంగప్పసామి. మా ఇంటిదేవుడు. చేను సోలారోళ్ళకు లీజుకిచ్చేటప్పుడు మా ఆయన అన్నీ మాట్లాడినాడు, సామి సంగతి మాట్లాడేది మరిసిపోయినాడు. ఆయనేమో పోయినాడు. సామి లోపలే ఉండిపోయినాడు."

"పూజకు వదలరా?"

"వాళ్ళ సారు ఎవురన్నా వెంట ఉంటే వదుల్తారంట. కరెంటు తీగలుండాయి, ఒక్కదాన్నే పోతే ప్రమాదమంట. సార్లకేమో తీరిక దొరకదు. పోయిన ఏడు గేటుకాడ్నే టెంకాయ కొట్టి పోయినా. సామికి వినపడిందో లేదో."

"అంత దూరం వినపడదులే."

"అందుకే బాధ. ఈపొద్దు సామి పండగ. నువ్వొచ్చినావు."

"అవ్వా, నేను సోలార్ మనిషిని కానే కాను."

"నెత్తిన గట్టి టోపీ ఉండాది, చేతికి తొడుగులుండాయి, నల్లద్దాలు పెట్టుకోని ఎవురూ లేనితావ తిరుగుతాండావు. సోలార్ సారుకు ఇంకేం కావాల?"

"నేను అబద్ధం చెప్పలేను."

"సామి ఎదురుగా అబద్ధం నేను మాత్రం చెప్పిస్తానా? నువ్వెవురో అదే చెప్పు. నాకు చెప్పినట్లే చెప్పు. నడువు."

గేటు దగ్గర. కాపలా కుర్రవాడు నందీష్.

"మళ్ళా వచ్చినావా అవ్వా? సారు లేకుండా వదిల్తే నన్ను పనిలో నుంచి తీసేస్తారు. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"వచ్చినాడు కదరా నందీషా సారు. అడుక్కో."

"ఎవురు సార్ మీరు?"

"నేనా... సోలో."

"ఏ సెక్షన్ సార్?"

"సెక్షనేమీ లేదు. ఒక్కణ్ణే. నిడుగల్లు కొండకు పోతున్నా."

"కొండ మీద కూడా ప్లేట్లు వేస్తాండారా సార్?"

"వేసేదేమీ లేదప్పా. ఊరికే చూడ్డానికి."

"మొదట అందరూ అట్లనే అంటారు సార్. ఈడికి కూడా ఊరికే చూడ్డానికే వచ్చినారు. మా అక్కోళ్ళ చేను ఆ కొండ కిందనే ఉండాది. రాళ్ళు తప్ప ఏం పండదు. అదీ ఒక చూపు చూడండి సార్."

"దారిలో ఉంటే చూస్తాను."

"పుణ్యముంటాది సార్. సైకిల్లో వచ్చిన సారును ఇప్పుడే చూస్తాండేది. రండి, రండి. అవ్వా, సారు వెనకనే నడువు. తీగలు ముట్టుకోవద్దు."

లోపల, గుండు ముందర.

"అవ్వా, పాపం వాడు సోలార్ అనుకున్నాడు."

"నువ్వు చెప్పింది నిజం. వాడు విన్నది వాని చెవి. టెంకాయ పట్టుకో, పీచు తీస్తా."

"తిరిగి పోయేటప్పుడు వాడికి విడమర్చి చెప్పేస్తా."

"చెప్పు. వాని నోట్లో తంబిట్టు పెట్టినాక చెప్పు. అప్పుడు కసురుకోలేడు."

"వాడి సంగతి సరే. ముందు నీకు చెప్పాలి. సోలో అంటే ఏంటో నీకింకా అర్థం కాలేదు."

"ఎందుకు కాదప్పా? ఒంటిగా అని. మా ఆయన పోయినప్పట్నుంచి నేనూ సోలోనే. ఒక సోలో వస్తే గేటు తియ్యలేదు కదా, అందుకే ఇంకో సోలోను తోడు తెచ్చుకున్నా."