సత్తయ్య పదకొండు దినాలు

ఫోన్ పక్కకు పెట్టు బిడ్డా, చాయ చల్లారుతున్నది. పొద్దుగాల నుంచి చూస్తున్న, గా మెయిల్ రాసుడు, తుడుసుడు, మల్ల రాసుడు. నలభై దినాలు చేసినవు, నచ్చలె, ఇడిసిపెట్టి అచ్చినవు. దాంట్ల తప్పేమున్నది? మీ అమ్మ అంటది గని నేనన. ప్రొబేషన్ అంటె ఆళ్లు నిన్ను చూసుడు, నువ్వు ఆళ్లను చూసుడే గదా. నువ్వు చూసినవు, అద్దన్నవు. మరి నలభై దినాల జీతమేదంటె, పట్టిన పని పూర్తి చేసి పో, అప్పుడిస్తం అంటున్నరా? మంచిగనే అంటున్నరు, మర్యాదగ. నీ తోటి పనిచేసే పిల్ల, ఏం పేరన్నవు, తబస్సుమ్, గా పిల్ల గుడ ఫోన్ చేస్తున్నదా, ఇంకొక్క వారం ఉండు అక్కా అని? ఊఁ. నాకు గా మాట కొత్తది కాదు. ముప్పై అయిదేండ్ల కింద గీ సిరిసిల్లలనే ఇన్న. సత్తయ్యను అడుగు, చెప్తడు అందును గని, సత్తయ్య పోయి పద్నాలుగేండ్లాయె.

నువ్వు చూడలె ఆయనను. గప్పటికి నువ్వు జగిత్యాలల చిన్న బడికి పోతుంటివి. సత్తయ్యది వీర్నపల్లి. పొడుగు మనిషి, చేతులు ఇంకా పొడుగు, ఏ అంగి తొడిగినా మణికట్టు బయటికే. ఊళ్లె కైకిలి కూలి చేసుకునేటోడు, ఒక యేడు వానల్లేక సిరిసిల్లకు అచ్చి సాంచల కార్ఖానల చేరిండు. మరమగ్గాలే, మేం సాంచలంటం. గా కార్ఖాన ఆసామి, అంటె ఓనరు, పేరు దివాకర్. మెల్లగ మాట్లాడెటోడు. ఒక్కనాడు ఎవ్వలను ఒరే అన్లె. ఏమన్నడంటె, "సత్తయ్యా, పదిహేను దినాలు నీ పని చూస్త. నచ్చితె పదిహేనునాడు పైసలిచ్చి ఉంచుకుంట, నచ్చకుంటె పైసలిచ్చి పంపుత." మంచిగనే ఉన్నదనుకున్నడు ఈయన. గని ఆసామికి నచ్చింది, ఈయనకే నచ్చలె. గా చప్పుడు గట్లుంటది మరి. ఇప్పుడు నువ్వు మెల్లగ మాట్లాడితె నేను ఏందీ ఏందీ అంటున్న గదా, గదంత సాంచల పుణ్యమే. మీ అమ్మమ్మ నన్ను తిట్టుడు కొన్నేండ్ల నుంచి ఇనవడుతలేదు, గదొక్కటి లాభం.

ఏం చెప్తున్న? ఔ, నచ్చలె. ఆయన బామ్మర్ది కోరుట్ల బస్టాండు కాడ హోటల్ పెట్టిండు, బావా నువ్వు రా, ఇద్దరం చూసుకుందాం అని కబురు పంపిండు. సత్తయ్యకు పాణమంత గాడనే. పన్నెండోనాడు పొద్దుగాల పోయి, "నేను పోత, నా పదకొండు దినాల పైసలియ్యుండ్లి" అన్నడు. గప్పట్ల దినానికి ఇరవై నాలుగు. మొత్తం రెండువందల అరవై నాలుగు. దివాకర్ ఇయ్యనన్లె. గదే చెప్తున్న నీకు, ఇయ్యనంటె కొట్లాడచ్చు. ఆయన ఏమన్నడు, "నీ పైసలు యాడికి పోతయి సత్తయ్యా. నీ సాంచ మీద భీము సగమున్నది. గది అయిపోనియ్యి, అయిపోయిన్నాడు లెక్క చూసి చేతుల పెడత. సగం బట్ట ఇడిసిపెట్టి పోతవా? నీకే మంచిగనిపిస్తదా?" సత్తయ్యకు మంచిగనిపియ్యలె. నిజమే గదా అనుకున్నడు. ఇంటికి పోయి రాజక్కకు, ఆయన పెండ్లాం, ఇరవై దినాలల్ల కోరుట్లకు పోతున్నం అని చెప్పిండు. ఒక సంచిల రెండంగిలు, తువ్వాల పెట్టి, సాంచ పక్కన గోడకు మొల కొట్టి తగిలేసిండు. భీము అయిపోంగనే సంచి అందుకొని అట్నుంచటే బస్టాండుకు పోవాలని.

భీమంటె దారమంత చుట్టి ఉంటది చూడు, పెద్ద రోలరు, గది. ఇగ నా పనేంది? వైపని. ఒక భీము అయిపోవస్తదనంగ ఆసామి నాకు కబురు పంపుతడు. నేను పోయి పాత పోగుల కొసలకు కొత్త భీము పోగులు ఒక్కొక్కటి అతుకుత. వేల పోగులు. అతుకకుంటె ఏమైతది, సాంచ ఒట్టిగైతది, మల్ల పోగులన్ని మొదటి నుంచి ఎక్కియ్యాలె, రెండు మూడు దినాలు సాంచ నడువది. గందుకని సిరిసిల్లల ఏ భీమునూ అయిపోనియ్యరు బిడ్డా. అయిపోయే ముందటనే ఇంకోటి అతుకుతది. గది మోసం కాదు, గదే పని. సత్తయ్యకు తెల్వది. ఆయన వరి కోసినోడు. మడి కోస్తె మడి అయిపోతది, కొడవలి పట్టుకొని ఇంటికి పోతరు. భీము గుడ గట్లనే అనుకున్నడు.

మొదటిసారి నేను పోయిన్నాడు ఆయన బువ్వకు పోయిండు. అచ్చేసరికి సగం అతికిన. కొత్త భీము దిక్కు చూసి, "ఏందన్నా, మల్ల నిండినట్టున్నది?" అన్నడు. అయితది తియ్యి అన్న నేను. దివాకర్ కాడికి పోయిండు. దివాకర్ లేచి అచ్చి, సాంచ మీద చెయ్యి పెట్టి, "అయిపోయిందా సత్తయ్యా? నువ్వే చూసి చెప్పు" అన్నడు. భీము కండ్ల ముంగట నిండుగుండె.

తర్వాత దినాల పైసలు ఆగలె, గది గుడ చెప్పాలె. శనారం శనారం ఇచ్చెటోడు, ఒక్క రూపాయి తక్కువ గాకుంట. గా పదకొండు దినాలయే ఆగినయి. ఇడిసిపెట్టి పోరాదు మరి అంటవు. అందరం అన్నం. రాజక్క బీడీలు చేసెటిది, ఒకసారి బీడీల పైసలు ముంగట పెట్టి, "రెండువందల అరవై నాలుగు నేనిస్త, పోదాం పా" అన్నదట. ఈయన, "నువ్విచ్చుడేంది, ఆయనియ్యాలె" అన్నడట. ఆమె ఇగ అడుగలె. కొడుకు పుట్టిండు, రేషన్ కార్డు సిరిసిల్లకు మారింది, ఒక సాంచ నాలుగు సాంచలైనయి, మంచి పనోడని పేరచ్చింది. ఎవ్వలడిగినా, "నేను ఉండెటోన్ని కాదు, గీ భీము అయిపోతె పోత" అనెటోడు. పోయే సత్తయ్య అని పేరు పెట్టినం. సంచి మొలకు ఏలాడి ఏలాడి, దుమ్ము పట్టి చినిగింది. పోయెటోడు కొత్త సంచి కొన్నడు. గది గుడ చినిగింది. కొత్తగ పనికచ్చిన పిలగాండ్లు పదో నాడు పారిపోతమంటె, కూసోపెట్టి చెప్పెటోడు, చేసిన కష్టం ఇడిసిపెట్టి పోవద్దురా, ఆసామి మంచోడు, ఇస్తడు అని. దివాకర్ ఈ ముచ్చట ఇని నవ్వెటోడు గాదు. తలూపెటోడు.

పందొమ్మిదేండ్లు. పందొమ్మిదేండ్లకు గిరాకి పడిపోయి, దివాకర్ సాంచలను ఇనుప సామాను కింద అమ్ముకున్నడు. గా వారం నాకు కబురు రాలె. నేనే పోయిన చూద్దామని. అతుకు లేని భీము గట్ల అయిపోవుడు నేను గుడ గప్పుడే చూసుడు. కొసలు మెల్లగ అచ్చి సాంచ మీదికెల్లి జారిపోయినయి, సత్తయ్య బంద్ చేసిండు. దివాకర్ మరిచిపోలె. రెండువందల అరవై నాలుగు లెక్కవెట్టి చేతుల పెట్టిండు. మిత్తి లేదు, పైస వడ్డి లేదు. అన్న మాట తప్పలె సత్తయ్యా అన్నడు. తప్పలె, నిజమే. సత్తయ్య మూడో సంచి మొల మీదికెల్లి తీసి, దులిపి, కోరుట్ల బస్సెక్కిండు.

తెల్లారి వాపస్ అచ్చిండు. హోటల్ యాడిది, గాడ సెల్ ఫోన్ల దుకాణమున్నదట, బామ్మర్ది ఎప్పుడో దుబాయి పోయిండట, రాజక్క చెప్పినా ఈయన చెవికెక్కలె. ఇంటికి పోకుంట సక్కగ నా కాడికే అచ్చిండు. గీ అరుగు మీదనే కూసున్నడు, సంచి ఒళ్లె పెట్టుకొని. "రాజమల్లన్నా, గా మొదటినాడు నేను బువ్వకు పోయినప్పుడు అతికినవు గదా. గది అయిపోతేనే నా పైసలని నీకు ఎర్కేనా?" అన్నడు.

మీ అమ్మమ్మ నీళ్లు తెచ్చింది, తాగిండు. గా అతికిన్నాడు పొద్దున దివాకర్ నాకు ఇరవై రూపాయల కూలి ముందటనే ఇచ్చి చెప్పిండు, "సత్తయ్య బువ్వకు పోయినంకనే మొదలువెట్టు" అని. ఇంకో అయిదు రూపాయలు ఎక్కువ గుడ ఇచ్చిండు. మీ అమ్మకు గప్పుడు బడి ఫీజు కట్టేదుండె. నేను చెప్పకున్నా సత్తయ్యకు తెలిసింది. లోటా కింద పెట్టి, పోత అన్నా అని లేచిండు. పందొమ్మిదేండ్లు అన్న మాటే, గారోజు ఎవ్వలం నవ్వలె. రెండేండ్లకు సచ్చిపోయిండు.

గా మెయిల్ల ఏం రాయమంటవా? నాకేం తెలుసు. నలభై దినాలు చేసిన, నలభై దినాలకు ఇయ్యుండ్లి అని రాయి, ఇంకో పని మాత్రం పట్టకు. మల్ల మోగుతున్నదేంది, ఎవ్వలు? తబస్సుమేనా? ఎత్తు. గా పిల్లను ఏమనకు బిడ్డా.

చాయ చల్లారిపోయింది, ఇటు తే, ఎచ్చవెట్టుక అస్త.