మొదటి నంబరు

ఆసుపత్రిలో, నోట్లోంచి కడుపులోకి దించి చూసే ఎండోస్కోపీ గొట్టం కడిగే గది. సింకు దగ్గర పెద్ద సిస్టరు, గుమ్మంలో ఆ గొట్టాలు అమ్మే కంపెనీ ఆఫీసరు.

“మార్కెట్ రిపోర్టు రాస్తున్నాను, సిస్టర్. పెరుగుదలకి కారణాలు, ఎదురయ్యే సవాళ్లు. రోజుకెన్ని కేసులు?”

“ఇరవై.”

“జనం వేళకి తినడం మానేశాక మా వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉందండీ. గొట్టాలెన్ని?”

“ఒక్కటే.”

“రెండోది కొనమని డాక్టరుగారికి చెప్పలేకపోయారా?”

“చెప్పాం. ఒక్కదానితోనే ఇరవై అవుతుంటే రెండోది దేనికన్నారు. సరిగ్గా కడగాలంటే ముప్పావుగంట పడుతుంది, బాబూ. మేం కేసుకీ కేసుకీ మధ్య పది నిమిషాల్లో కానిచ్చేస్తున్నాం. సాయంత్రం మాత్రం తీరిగ్గా కడిగి ఆరబెడతాం. మర్నాడు మొదటి నంబరువాళ్లు అదృష్టవంతులు. సవాళ్ల కింద రాసుకోండి.”

“అమ్మో, అది రాస్తే కొనేవాళ్లు జడుసుకుంటారు. ‘శుభ్రతలో రాజీ లేదు’ అని రాస్తాను.”

“మీ ఇష్టం.”

“అన్నట్టు, ఎల్లుండి మా మామగారికి ఇక్కడే పరీక్ష. కాస్త మొదటి నంబరు వేయించరూ?”

“రాజీ లేదన్నారుగా. పదిహేనో నంబరైతే ఏం?”

“పెద్దాయన కదండీ. పైగా మా ఆవిడ ఊరుకోదు.”

“ఎల్లుండి మొదటి నంబరు డాక్టరుగారి అత్తగారిది. ఆ మర్నాడు మేనేజరుగారి తమ్ముడిది. ఈ నెలంతా మొదటి నంబర్లు ఇంటివాళ్లవే.”

“ఒక్క రోజు కూడా ఖాళీ లేదా?”

“ముప్పయ్యో తారీఖు ఉండేది. అది నాకోసం అట్టే పెట్టుకున్నాను.”