ఖాళీ అని రాసిన సోటు

పోనీ తిట్టొదినా. వీధంతా ఇనేలాగ తిట్టు. నువ్వు తిడితే నానూ తిడతాను, ఇద్దరం గొంతులు పోయేదాకా అరుసుకుంటాం, తెల్లారి మళ్ళీ ఒకే ఆటో ఎక్కుతాం. ముప్పై ఏళ్ళు అలగే కదేటి గడిచింది? ఈ మూగనోమేటి నీకు? వారం రోజులయ్యింది నీ నోట మాటిని.

నూకయ్యన్న "రా గురమ్మా" అన్నాడు. అన్నాడు గానీ మొకం అటు తిప్పీసుకున్నాడు. నువ్వైతే ఆ వల మీంచి తలే ఎత్తలేదు.

ఆ వల ఎవులిది? అన్నకి మోకాలు పోయి మూడేళ్ళయ్యింది, ఆయన బోటెక్కడు కదా. కూలికి అల్లడానికి తెచ్చేవా? అంతవరకూ వచ్చిందేటి ఒదినా?

తెలుసు నాకు. మొన్న రోడ్డు మలుపుకాడ కూకుంటే మున్సిపాలిటీవోళ్ళు నీ గంప బండిలో ఏసుకెల్పోయేరంట. కానాగంత సేపలన్నీ రోడ్డు మీద పోసీసేరంట. కూర్మమ్మ సెప్పింది. ఆ పూట నుంచీ నువ్వు గుమ్మం దాటలేదని కూడా సెప్పింది. ఈ ఇల్లు నీ గంప మీదే నడుస్తాదని నాకు తెలీదేటి? అందుకే వచ్చేను. మాటాడకపోతే మాటాడకు, ఇను.

టౌను బాగుసేసీ కమిటీలో సేరింది నానే. కాదన్నానా? సావుకారు సీతారామారావుగారు, ఆ కిరాణా కొట్టాయన, వర్తకుల సంఘం పెసిడెంటు, ముందు నీకాడికే వచ్చేరు. "మరిడమ్మా, టౌను బాగుపడాలంటే అందరం కలవాలి, చేపలోళ్ళ తరపున ఒకరుండాలి" అన్నారు. నువ్వేటన్నావు? "నాకు మీటింగులేటి బాబూ, బేరముంటే సెప్పండి" అన్నావు. అందరూ నవ్వేరు. అప్పుడు గదా నా వైపు తిరిగేరు ఆయన.

ఎల్లేను. ఏసీ హాలు. నాకో కుర్సీ. ముందర బల్ల మీద నా పేరు రాసిన కాగితం. ఒకపక్క డాట్టరుగారు, ఒకపక్క సావుకారు. నీసు వాసనొస్తాదేమోనని ఆరోజు రెండుసార్లు సబ్బెట్టి తోముకున్నాను సేతులు. నవ్వొస్తందా? నవ్వు, పోనీ.

అనూరాధ మేడమని, ప్రాజెక్టావిడ, అందరికీ రంగు సీటీలిచ్చింది. మీకేటి కావాలో రాసి గోడకి అంటించండి అంది. నాకు రాత రాదు కదా, మేడమే రాసింది. కుళాయి ఒకటి. నీడ ఒకటి. ఆడోళ్ళకి బాత్రూం ఒకటి. ఇన్నేళ్ళూ రైలు పట్టాల ఎనక తుప్పల్లోకి ఎల్లేం కదా, ఒకళ్ళు కాపలా కాస్తే ఒకళ్ళు. అది పోతే సాలనుకున్నాను.

మిగిలినోళ్ళు నడక దారన్నారు, సెట్లన్నారు, పిల్లలకి గాలాడే జాగా అన్నారు. అన్నీ మంచివే! ఒక్కటైనా సెడ్డదని అనగలవేటి?

మన సేపల బజారుకాడ నా మూడు సీటీలూ నిజమయ్యేయి, సూడు. తిప్పితే నీళ్ళొస్తాయి. మీద రేకులేసేరు. బాత్రూముకి తలుపుంది, లోపల గెడుంది. ముగ్గురికి.

ఇరవై రెండు మందిమి ఒదినా మనం. ముగ్గురికి కట్టేరు.

మే నెల్లో వచ్చింది మేడం, ఎవులి సోటు ఎవులిదో రాసుకుని కార్డులియ్యడానికి. మే నెల్లో ఏటుంటాదేటి మనకి? రెండు నెలలు ఏట బందు, బోట్లన్నీ ఒడ్డునే కదా. ఆవిడకేటి తెలుసు? ముందురోజు నాకు ఫోను సేసింది, రేపందరూ ఉండాలంది. నాను మీకేటి సెప్పేను? "సేపల్లేకుండా ఎల్లి ఏటి సేస్తాం, ఆటోకి దండగ, మన రాళ్ళున్నాయి కదా" అన్నాను. మీరూ సరే అన్నారు. నువ్వూ అన్నావొదినా, "నా రాయుంటే నానున్నట్టే" అని. అన్నావా లేదా?

తప్పేటుంది అందులో? గంప కింద ఎత్తుకి పెట్టుకునీ రాయి. మా అత్త పెట్టింది నాది, మీయమ్మ పెట్టింది నీది. పురుటికెల్లి మూడు నెలలు రాకపోయినా ఆ రాయి మీద ఇంకోళ్ళు గంప దించీవోళ్ళు కాదు. బూతులు తిట్టుకున్నాం గానీ రాయి జరపలేదు ఏనాడూ. అది టౌనందరికీ తెలుసనుకున్నాను.

ఆరోజు నానున్నాను, సంతకం పెట్టాలని. ఎండుసేపలమ్మీవోళ్ళు ఇద్దరున్నారు. అంతే. మేడం పలక లాంటి ఫోనొకటి పట్టుకుని నడుస్తంది. "ఇక్కడెవరూ లేరు కదమ్మా" అంది. లేకపోడమేటమ్మా అన్నాను. ఇది మరిడమ్మొదిన, ఇది కూర్మమ్మ, ఇది దాలయ్య పెళ్ళాం, అని వరసగా రాళ్ళన్నీ సూపించేను. ఓపిగ్గానే ఇంది. నవ్వింది కూడా. "ఫోటోలో మనిషుండాలి గురమ్మగారూ, రాయికి కార్డివ్వలేను" అంది. ఖాళీ స్థలం అని కొట్టుకుంది.

మరి ఖాళీగా ఉన్న జాగాలోనే కదా నడక దారి ఏస్తారు! ఏసేరు. బాగా ఏసేరు. ఎర్ర రాళ్ళు, అంచుకి పూలమొక్కలు. నీ సోటులో సేతులూపుకునీ కసరత్తు మిసను పెట్టేరు. నీకాడ కవళ్ళ సేపలకి గీసి గీసి బేరమాడీ మేస్టారు లేరూ, ఆయనే ఊపుతున్నారు రోజూ. షుగరు తగ్గిందంట. నాకాడికి మాత్రం రారు. "ముగ్గురి దగ్గర ఏం ఏరుకుంటామమ్మా, నలుగురూ ఉంటేనే గదా చేపల బజారు" అంటారు. అదీ నిజమే. కుళాయి కింద గంప కడుక్కుని, సగం సేపలు మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటన్నాను.

నాను తిరగలేదనుకోకు. సావుకారు కొట్టుకెల్లేను. ఆయన మంచోడే, టీ ఇచ్చేరు, "రెండో విడతలో చూద్దాం" అన్నారు. మేడానికి ఫోను సేసేను. ఆవిడ ఇంకో ఊరు బాగుసెయ్యడానికి ఎల్పోయింది. మంచిగానే మాటాడింది, "లిస్టు మూసేశాం గురమ్మగారూ" అంది. ఒక్కళ్ళైనా సెడ్డోళ్ళుంటే బాగున్ను ఒదినా, కాళ్ళో గడ్డమో పట్టుకుందును, లేదంటే సెప్పు తీద్దును. అందరూ గారూ గారూ అంటారు.

నా కార్డు నీకిచ్చీద్దామంటే దాని మీద నా మొకముంది. నా పక్కన కూకోమంటే ఒక్కరోజు కూకున్నావు, కాపలావోడు లెగమన్నాడు. నువ్వు మారు మాటాడకుండా లెగిసీసేవు. నువ్వు! ఆ నోరు ఏటయిపోయిందా అనుకున్నాను. అక్కణ్ణించే కదా రోడ్డు మలుపుకాడికి ఎల్లేవు.

ఒదినా, ఆ వల పక్కనెట్టు. ఒక్క నిమిసం.

మీకందరికీ నాను సెప్పింది ఒకటుంది. మేడం ఉరుకుల మీదొచ్చింది, పది నిమిసాల్లో రాసీసి ఎల్పోయింది, పిలవడానికి టైమే లేదు అని. అమ్మోరి మీద ఒట్టేసి మరీ సెప్పేను.

అబద్దం.

మేడం నాలుగ్గంటల దాకా కూకుంది. "వాళ్ళని పిలవండి, నేనుంటాను" అని రెండుసార్లు అంది. పొద్దున్న పదకొండయ్యింది అప్పటికి. ఫోను నా సేతిలోనే ఉంది. ఒక్క మాట సెప్తే రెండాటోలేసుకుని మద్దేనానికి దిగిపోదురు మీరు.

సెయ్యలేదు నాను.

ముగ్గురికే కడతారని తెలీదు, ఒట్టు. అంతదాకా ఆలోసించలేదు. గానీ... ఆరోజు నీ సోటు సూసేను ఒదినా. నువ్వు లేవు. ముప్పై ఏళ్ళూ నీ పక్కనే కూకున్నాను. వచ్చినోడల్లా ముందు నీకాడే ఆగుతాడు. నీ నోటికి, నీ నవ్వుకి, నీ సేతికి. నీ గంప ఖాళీ అయ్యాకే నాకాడికొస్తారు. ఆకరికి ఆ కమిటీ కుర్సీ కూడా నువ్వొద్దంటేనే నాకొచ్చింది.

ఒక్కసారి నువ్వు లేకపోతే ఎలగుంటాదో అనిపించింది. బాగుందనిపించింది. నాలుగయ్యిందాకా ఫోను సేతిలో పెట్టుకుని అలగే కూకున్నాను, మేడంతో టీ తాగుతా.

అదీ సంగతి. ఇప్పటికైనా తిట్టు.

లెగిసి లోపలికెల్పోతన్నావేటి?

ఎల్లొదినా. నీ సోటులో నానుంటే ఎప్పుడో ఎల్పోదును.