విపావాకి తీరుబడిగా

ఇప్పుడు మోకాలా, స్తోయాన్? సోమవారం కారు బ్రేకులన్నావు, నిన్న వానన్నావు. కిటికీలోంచి చూడు, ల్యుబ్ల్యానా అంతా ఎండ కాస్తోంది. రేపూ ఇలాగే ఉంటుందట. అందుకని మోకాలు గుర్తొచ్చింది. విపావా లోయకి నడిచి వెళ్దామన్నానా నేను? కారులో గంట కూర్చోవడమే కదా.

పోనీ నా ఏర్పాటు విను. రెండే రెండు వైన్ సెల్లార్లు. పొద్దున్న, ఇన్నేళ్ళూ నీకు వైన్ అమ్మిన ఆల్బిన్ దగ్గర, సాయంత్రం ఆ కొండమీది అక్కచెల్లెళ్ళ దగ్గర. మధ్యలో ఏ ద్రాక్షతోట గట్టుమీదో కూర్చుని రొట్టె, ఎండు మాంసం. నీ పద్ధతిలో అయితే ఒక్కరోజులో ఆరు తిరగాలి. నన్ను రైలు తప్పిపోతున్నట్టు పరిగెత్తించేవాడివి. హోటల్‌కి వైన్ కొనే ఉద్యోగం కదా, సర్దుకున్నాను. రిటైరయ్యావుగా, ఇంకెవరికోసం ఆ పరుగు?

ఏమిటా చూపు? నువ్వు రుచి చూసి ఉమ్మేస్తావు, బండి నడుపుతావు. నేను మింగేస్తాను, పక్కన కూర్చుని పాడతాను. పెళ్ళయిన కొత్తలో కుదిరిన ఒప్పందమే. పాట మానెయ్యమంటావా? మానేస్తాలే. అదీ కాదా?

'ఊరుకో మిలోయ్కా' అంటే ఊరుకోను. ఆ పేపరు పక్కన పెట్టు. నాకు తెలుసు.

దేని గురించా? మొన్న ఈస్టరుకి మీ మేనకోడలు నీవెస్ సీసా తెరిచింది గుర్తుందా. బిరడా పాడైపోయి తడిసిన అట్టపెట్టె కంపు కొట్టింది. వైన్ గురించి ఓనమాలు రాని వాళ్ళాయన కూడా ముక్కు చిట్లించాడు. నువ్వేమో గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, పియర్ పండు వాసనన్నావు. పిల్ల మనసు నొచ్చుకోకుండా అన్నావని అందరూ మురిసిపోయారు. నేనూ మురిశాను.

ఆ తర్వాత, నేను పక్కింటికెళ్ళి వచ్చేసరికి పాలు మాడి ఇల్లంతా కంపు. నువ్వు ఈ కుర్చీలోనే కూర్చుని గళ్ళనుడికట్టు నింపుతున్నావు.

చలికాలంలో వచ్చిన జ్వరంతో పోయింది కదూ, వాసన? అప్పట్నుంచి నా సూపుని తెగ మెచ్చుకుంటుంటే, ముసలితనంలో నా వంట బాగుపడిందనుకున్నాను చూడు, అదీ నా తెలివి.

డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చావా, నాకు చెప్పకుండా? రావచ్చు, రాకపోవచ్చునన్నాడా. ఊఁ.

ఆల్బిన్ గురించే కదా నీ బెంగ. గ్లాసు నీ చేతికిచ్చి, ఏమంటావోనని నీ మొహంలోకే చూస్తాడు. నిజమే, అది నాకూ తెలుసు.

ఉండు, లేవకు. ఇదిగో, నీ అలమారలోంచి ఒక సీసా తీశాను. పేరు కనబడకుండా తువ్వాలు చుట్టాను. నేను వాసన చూసి చెప్తాను, అదేమిటో నువ్వు కనుక్కో.

ఊఁ... వైన్ వాసన. నవ్వకు, మళ్ళీ చూస్తున్నా. మా అమ్మమ్మ దుప్పట్ల పెట్టె. అంటే ఏమిటంటే, పురుగు పట్టకుండా మడతల్లో ఎండుటాకులు పెట్టేదే, ఆ వాసన. ఇంకా... అప్పుడే కోసిన పచ్చ ఆపిల్. నోట్లోనా? దవడలు కాస్త జివ్వుమన్నాయి.

జెలెన్ అంటావా, ఆ విపావా తెల్లద్రాక్ష వైన్? ఆగు, తువ్వాలు విప్పనీ.

జెలెనే.

సీసా ఆకారం చూసి చెప్పలేదు కదా? కొండకి ఏ వైపు వాలులో పండిందో కూడా చెప్పగలవా? ఎండ బాగా తగిలే వైపా, ఎందుకని? నాకేం అర్థం కాలేదు కానీ, చెప్పు, చెప్పు.

చూడు, ఎంతసేపట్నుంచి మాట్లాడుతున్నావో. నీ ముక్కు గురించి కాదు నా దిగులు. నువ్వు మాట్లాడటం మానేశావు. ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప ఇంకేం వినబడక, ఒక్కోరోజు రేడియో గట్టిగా పెట్టుకుని వంటింట్లో ఏడ్చాను. ఒక పగలంతా నీ మాటలు వినాలనిపించింది. లేకపోతే ద్రాక్షతోటలు నేను చూడనివా?

ఫోన్ ఎందుకు? ఆల్బిన్‌కా? వాసన పోయిందని నువ్వే చెప్తావా? సరే, ఇదిగో.

...

అంత సూటిగా చెప్పేశావేం? మనిషి భయపడి ఉంటాడు పాపం. ఏమన్నాడు? భోజనానికి ఉండమన్నాడా, సాయంత్రం దాకా కదలనివ్వనన్నాడా.

సరేలే. ఆ అక్కచెల్లెళ్ళకి ఇంకోసారి వస్తామని నేను చెప్తాను. నీ ముక్కు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నీ గ్లాసు ఇటు పట్టు, ఇది తెరిచాక ఎలాగూ దాచలేం.